లారీ ఎక్కనివాళ్ళు

ఓబులయ్య పెంచిన చిక్కుడు పందిరిని ఓబులయ్య చేతే పెరికించారు. అది నా కళ్ళతో చూశాను.

ఆ ఉదయం మంచినీళ్ళ ట్యాంకరు తీసుకుని మజ్రాలోకి వెళ్ళేసరికి ఫోర్‌మన్ రామకృష్ణారావు మట్టిగదుల వెనక నిలబడి ఉన్నాడు. మజ్రా అంటే అరబ్బుల వ్యవసాయ క్షేత్రం. అక్కడ రాతిగోడ వారగా పనివాళ్ళు తమ తిండి కోసం వేసుకున్న మడులుండేవి. చిక్కుడు, వంగ, టమాటా, గోంగూర. అర్బాబు అంటే యజమాని. ఆయన కొడుకు పెళ్ళికి వచ్చే అతిథులకు సరిగ్గా ఆ చోటనే గుడారాలు వేయాలట. చుట్టూ కనుచూపు మేర ఇసుక ఖాళీగా పడి ఉంది. అయినా గుడారంలో కూర్చున్నవాళ్ళకు పచ్చగడ్డి పొలం ఎదురుగా కనబడాలంటే చిక్కుడు పందిరి అడ్డమట.

ఓబులయ్య వంగి, పురికొస ముడులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. తీగ నిండా పూత ఉంది. యాభై దాటిన మనిషి. తీగకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు విప్పుతున్నాడు.

"ముడులు విప్పుతూ కూర్చుంటే ఎప్పటికవుతుందయ్యా? లాగెయ్," అన్నాడు రావు.

ఓబులయ్య తలెత్తి ఆయన వైపు చూశాడు. తర్వాత రెండు చేతులతో తీగ పట్టుకుని లాగాడు. పందిరి మొత్తం అతని మీద పడింది. అందులోంచి బయటికొచ్చి, మిగిలిన కాయలు తువ్వాలులో ఏరుకున్నాడు. చుట్టూ ఇరవై మందికి పైగా నిలబడి ఉన్నారు. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళెవరూ ఆ పూట నాతో పరాచికాలాడలేదు.

నా పేరు మక్బూల్. మాది మెట్‌పల్లి. మా ఊళ్ళో ఎవరినడిగినా నేను దుబాయ్‌లో ఉన్నాననే చెప్పేవాళ్ళు. నేనుండేది ఖతర్ అని చెబితే, అది కూడా దుబాయే గదా అనేవాళ్ళు. నేనూ ఆ అర్బాబు మనిషినే. నా వీసా ఆయనది, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. దోహాలో మంచినీళ్ళు నింపుకుని, వాయవ్యాన ఎడారి రోడ్డు పట్టి ఆ మజ్రాకు చేర్చడం నా డ్యూటీ. మొదటి రోజు నుంచీ ఆ నేలకు వెళ్ళొస్తున్నాను గనక అది ఎలా పుట్టిందో నాకు తెలుసు. కార్మికులూ విద్యార్థులూ కూర్చున్న చోటల్లా నేను ఈ సంగతి చెబుతూ వచ్చాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

తొంభై మూడులో అక్కడ ఏమీ లేదు. ఎడారిలో అక్కడక్కడ పల్లపు చోట్లుంటాయి. ఎప్పుడో కురిసే వానకు చుట్టుపక్కల మెరకల నుంచి ఒండ్రు కొట్టుకొచ్చి వాటిలో చేరుతుంది. అలాంటి పల్లం ఒకటి అర్బాబుకు సర్కారు ఇచ్చింది. ఒండ్రు పైన సున్నపురాళ్ళు, రాళ్ళ కింద తేళ్ళు. నేను లారీలో దింపినవాళ్ళలో సగం మంది కడప, కోనసీమ మనుషులు. మిగతావాళ్ళు బంగ్లాదేశ్ బెంగాలీలు. బోరు వేయడానికి ఒక పఠాన్ మేస్త్రి. ఓబులయ్య అంతకు ముందు కువైట్‌లో చేసి, యుద్ధంలో కట్టుబట్టలతో ఇంటికి చేరినవాడు. మళ్ళీ గల్ఫ్ ముఖం చూడనని ఒట్టేసుకుని, రెండేళ్ళు కరువు చూసి మళ్ళీ విమానం ఎక్కాడు.

మొదట గుడారాలిచ్చారు. ఉత్తరపు గాలి మొదలైన వారానికే అవి ఎగిరిపోయాయి. అప్పుడు వాళ్ళే ఒండ్రు తొక్కి, గడ్డి కలిపి మట్టిగదులు కట్టుకున్నారు. పొలంలో ఏరిన రాళ్ళతో గోడ పెట్టారు. ఖర్జూరపు మట్టలతో గాలికి అడ్డం కట్టారు. బోరులో నీళ్ళు పడ్డాయి గానీ ఉప్పన. చెట్టు తాగుతుంది, మనిషి తాగలేడు. ఆ నీళ్ళే మళ్ళీ మళ్ళీ నిలగట్టి నేలలో ఉప్పు కడిగారు. ఒంటెల పేడ తోలారు. మొదటి పంట మాడిపోయింది. రెండోదాన్ని ఇసుక కప్పేసింది. మూడోసారి జత్ మొలిచింది. జత్ అంటే అక్కడి పశువులు మేసే పచ్చగడ్డి. ఆ మొలక చూడటానికి బెంగాలీలు నన్ను ట్యాంకరు మీద నుంచి చెయ్యి పట్టి దింపి తీసుకుపోయారు.

మొదటి ఎండాకాలం శ్రీరామమూర్తి పోయాడు. ఆంజి, అతనూ కోనసీమలో ఒకే ఊరివాళ్ళు, ఒకే విమానంలో వచ్చారు. మిట్టమధ్యాహ్నం రాళ్ళు మోస్తూ కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. రావు ఆ రోజుకి సగం పూట సెలవిచ్చాడు. అతను పడిన చోట తర్వాత వేసిన మడిని అందరూ మూర్తి మడి అనేవాళ్ళు. బెంగాలీలు కూడా అలాగే అనేవాళ్ళు.

ఆ చావు తర్వాత సగం మంది వెళ్ళిపోతామన్నారు. అప్పుడే రావు అందరినీ కూర్చోబెట్టి అర్బాబు మాటగా ఒక మాట ఇచ్చాడు. నేల పచ్చబడితే ఓపికున్నంతకాలం ఇక్కడే ఉండొచ్చు. గదులు మీవే. గోడవార జాగాలో మీకు కావలసింది పండించుకోండి. ఆ మాట మీదే వాళ్ళు ఉండిపోయారు. ఆ మాట మీదే నేల పచ్చబడింది.

తీగ పెరికిన మరునాడు గురువారం. అర్బాబు కుటుంబం మజ్రాకు విడిదికి వచ్చింది. వాళ్ళతో వంటకు గంగులమ్మ వచ్చింది. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. దోహాలో అల్ హిలాల్‌లో ఉన్న అర్బాబు విల్లాలో పనిచేసేది. వచ్చినప్పుడల్లా ఓబులయ్యతో కాసేపు తమ వైపు మాటలు మాట్లాడి వెళ్ళేది. ఆ రోజు ఆమె తెచ్చింది ఊసుపోక మాట కాదు.

"అన్నా, మిమ్మల్ని ఈడినుంచి లేపుతాండారు," అంది. "దక్షిణాన బిర్కత్ అల్ అవామిర్ దాటినాక ఇంగో నేల ఇచ్చినారంట. అది గూడా రాళ్ళే. దాన్ని కొట్టేదానికి మిమ్మల్ని పంపుతారు. ఈడికి కొత్తోళ్ళు వస్తారు. టీ ఇచ్చేటప్పుడు నా చెవులతో విన్యా."

ఓబులయ్య గట్టు మీద కూర్చుండిపోయాడు. ఎప్పుడని అడిగాడు. శనివారం లారీ వస్తుందని చెప్పింది.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక అందరూ మట్టల గోడ నీడన చేరారు. నేనూ ఉన్నాను. తెలుగు, బెంగాలీ, ఉర్దూ అన్నీ కలిపి మాట్లాడుకున్నాం, అర్థం కానివాళ్ళకు పక్కవాడు చెప్పేవాడు. బెంగాలీల పెద్ద ఒకాయన, పోదాం, నేల ఎక్కడైనా నేలేనన్నాడు. అతని వెనక కూర్చున్న వాళ్ళే ఒప్పుకోలేదు. మళ్ళీ గుడారాలు, మళ్ళీ తేళ్ళు, మళ్ళీ ఒక మూర్తి పోవాలి, అది కూడా పచ్చబడ్డాక మళ్ళీ లారీ ఎక్కాలి అన్నారు. నేల పగలగొట్టేవాడు ఒకడు, పండాక కూర్చునేవాడు ఇంకొకడు, ఇది ఎప్పటికీ ఇంతేనా అని పఠాన్ మేస్త్రి అడిగాడు.

ఆంజి లేచి నిలబడ్డాడు. పాతికేళ్ళవాడు, మాట ఎప్పుడూ వేడిగానే ఉండేది.

"పంపు ఆపేద్దాం బాబాయ్. ఈ ఎండకి వారం తిరక్కుండా మొత్తం మాడి సత్తాది. అప్పుడు ఆడే మన కాళ్ళ కాడికొత్తాడు."

చాలామంది అవునన్నారు. ఓబులయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"పంపు ఆపితే సచ్చేది ఎవురబ్బీ? అర్బాబా? వాడు ఎండిన గడ్డి సౌదీ నుంచి తెప్పించుకుంటాడు. సచ్చేది మనం పెంచిన సెట్టు. మన సేత్తో మనమే దాన్ని సంపాల్నా?"

ఆంజికి కోపం వచ్చింది. చెట్లను చూసి జాలిపడేవాడు మూర్తిని చూసి ఎందుకు జాలిపడలేదని అడిగాడు. ఆ మాట ఓబులయ్యకు గట్టిగా తగిలింది. ఇద్దరి మధ్యా మాటలు పెరిగాయి. రెండు వర్గాలైపోయే దాకా వచ్చింది.

వంటగది నుంచి వచ్చి ఒక పక్కగా నిలబడి వింటున్న గంగులమ్మ అప్పుడు మాట్లాడింది. సభలో ఆడమనిషి మాట్లాడటం అక్కడ అదే మొదలు.

"పని ఆపేది యాల?" అంది. "మీరు పని మానుకుంటే, సోమరోళ్ళు, మొండికేసినారని పంపించేస్తారు. మీరు పని మానొద్దు. తెల్లారి లేసి రోజూ మాదిరే నీళ్ళు కట్టండి, కలుపు తియ్యండి. లారీ మాత్రం ఎక్కొద్దండి. పనిచేస్తాండే మనిషిని సేన్లో నుంచి ఈడ్చుకపోతే సూసేటోళ్ళకు తెలస్తాది, ఎవురు ఏందో."

పఠాన్ మేస్త్రికి నేను ఉర్దూలో చెప్పాను. అతను గడ్డం నిమురుకుని నవ్వాడు. బెంగాలీలు తమలో తాము మాట్లాడుకున్నారు. ఆంజి చాలాసేపు నేల చూస్తూ నిలబడి, చివరికి ఓబులయ్య పక్కకు వచ్చి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అర్బాబు కుటుంబం దోహాకు తిరుగు ప్రయాణమైంది. కార్లు బయలుదేరాయి. గంగులమ్మ ఎక్కలేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె గిన్నెలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని మట్టిగదుల వైపు నడిచింది. మీరు లారీ ఎక్కొద్దని చెప్పి నేను కారెట్లా ఎక్కుతానని ఓబులయ్యతో అందట. ఓబులయ్య తన గది ఖాళీ చేసి ఆమెకిచ్చి, బయట మంచం వేసుకున్నాడు. అప్పటి నుంచి చట్టం లెక్కలో ఆమె పారిపోయిన పనిమనిషి.

శనివారం పొద్దున లారీ వచ్చింది. రావు చిటికెలు వేస్తూ గదుల దగ్గరికి వెళ్ళాడు. గదుల్లో ఎవరూ లేరు. అందరూ పొలంలో ఉన్నారు. ఓబులయ్య మూర్తి మడికి నీళ్ళు కడుతున్నాడు. ఆంజి ఖర్జూరపు మొక్కల పాదులు తవ్వుతున్నాడు. బెంగాలీలు వరసగా కూర్చుని జత్ కోస్తున్నారు. పఠాన్ పంపు దగ్గర బెల్టు బిగిస్తున్నాడు.

రావు ఒక్కో మడి దగ్గరికీ పోయి, యల్లా, లారీ ఎక్కండి అన్నాడు. పని ఉంది సార్ అని ఒకడు, ఈ కాలువ తెగేలా ఉంది సార్ అని ఇంకొకడు. మంచి బూట్లు వేసుకుని గట్ల మీద అటూ ఇటూ పరిగెత్తి ఆయన బురదలో జారాడు. ఎవరూ నవ్వలేదు. ఒక బెంగాలీ వచ్చి చెయ్యి అందించి లేపాడు.

లేచాక ఆయన గొంతు మారింది. నేరుగా ఓబులయ్య దగ్గరికి వచ్చాడు.

"ఈ నేల మీద మీకేం హక్కుందయ్యా? కూలికొచ్చినవాళ్ళు. దేశం మీది కాదు, ఊరు మీది కాదు. మీ ఊళ్ళో లేని రోషం ఇక్కడెందుకు?"

ఓబులయ్య పార కిందపెట్టలేదు. నీళ్ళు మళ్ళిస్తూనే జవాబు చెప్పాడు.

"మా ఊర్లో గూడా బంజరు కొట్టినాం సార్. మా నాయన, నేను, మా పెదనాయన కొడుకులు. బండలు తీసినాం, బావి తవ్వినాం. పచ్చగయినాక పట్టా ఊరి పెద్ద పేరు మీద వచ్చింది. అప్పుడు గూడా ఇదే మాట అన్యారు, మీకేం హక్కుందని. మాది కాని దేశంలోనూ లేదు, మాదైన దేశంలోనూ లేదు. ఇంగ ఏ దేశంలో అడగాల? అప్పుడు బండెక్కి పోయినాం. ఈసారి పోము."

దూరంగా రావుకు గంగులమ్మ కనబడింది. కసి అటు తిరిగింది. ఇంతమంది మగాళ్ళ మధ్య ఒంటి ఆడదానివి ఉంటే నలుగురూ ఏమనుకుంటారని అందరూ వినేట్టు అడిగాడు. ఆమె అక్కడి నుంచే సమాధానం ఇచ్చింది.

"హిలాల్ ఇంట్లో గడియ లేని గదిలో పండుకుంటాంటిని సార్. ఆడ నలుగురూ ఏమనుకుంటారని మీరెప్పుడూ అడగలేదు. ఈ గది తలుపుకు లోపల గడియ ఉండాది."

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు రావు నన్ను పిలిచాడు. ఇక ఆ మజ్రాకు మంచినీళ్ళు తీసుకుపోవద్దన్నాడు. ఉప్పునీళ్ళు తాగితే వాళ్ళకే బుద్ధొస్తుంది, నువ్వు తెలివైనవాడివి, నీకు పెళ్ళాం పిల్లలున్నారు, చూసీ చూడనట్టు ఉండు అన్నాడు.

నాకు పెళ్ళాం పిల్లలున్న మాట నిజమే. రషీదా, ఇద్దరు ఆడపిల్లలు. దోహాలో నీళ్ళ గొట్టం కింద ట్యాంకరు నిలబెట్టి చాలాసేపు ఆలోచించాను. వెళితే నా పని పోతుంది. పంపించేస్తారు. వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఏప్రిల్ ఎండ. ఉప్పునీళ్ళు తాగితే దాహం తీరదు, పెరుగుతుంది. రెండు రోజుల్లో కడుపులు పాడవుతాయి, మూడో రోజు ఎవరో ఒకరు లారీ ఎక్కుతారు, నాలుగో రోజు అందరూ ఎక్కుతారు. వాళ్ళను ఓడించేది రావు కాదు, అర్బాబు కాదు, నేను. ఇంతకాలం నీళ్ళు మోస్తున్నది నేనే అయినా, ఆ నీళ్ళ మీద నాకింత బలం ఉందని ఆ రోజు దాకా తెలియలేదు. బలం ఉన్నదని తెలిశాక దాన్ని ఎవరి పక్షాన పెట్టాలన్నది పెద్ద ప్రశ్నేమీ కాదు. గొట్టం విప్పి ట్యాంకరు నింపాను.

మజ్రా గేటుకు అడ్డంగా రావు తన పికప్ బండి పెట్టించాడు. నేను దాని ముందు ఆపి హారన్ మీద చెయ్యి పెట్టాను. పొలంలోంచి అందరూ లేచి చూశారు. రావు పరిగెత్తుకొచ్చి తాళంచెవి అడిగాడు.

"తాళంచెవి తీస్కోండి సార్," అన్నాను. "ట్యాంకర్ మీది, తీస్కోండి. నీళ్ళు మాత్రం నేను దించిపోత. గీ ఎండల మనుషులను నీళ్ళు లేక సంపుడు నాతోని గాదు."

తాళం ఆయన చేతిలో పెట్టాను. అప్పటికే పఠాన్ గేటు దాకా వచ్చి గొట్టం అందుకున్నాడు. బిందెలు, డబ్బాలు, రంగు డబ్బాలు, బెంగాలీల పెద్ద దగ్గరున్న తాంబాళం కూడా, అన్నీ చేతుల మీదుగా గేటు దాటి వచ్చాయి. గేటు నుంచి గదుల దాకా మనుషులు వరసకట్టారు. పోదామని మొదట చెప్పిన ఆ పెద్దాయనే వరసలో ముందు నిలబడ్డాడు. రావు ఎవరెవరినో తిట్టాడు. ఎవరి చెవినా పడలేదు. ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా ఆ వరస తెగలేదు. తర్వాత నేను కూడా లోపలికి నడిచి ఆంజి పక్కన నా గుడ్డల సంచి పెట్టుకున్నాను. అప్పటి నుంచి నేనూ లారీ ఎక్కనివాళ్ళలో ఒకణ్ణి.

రావు దగ్గర ఇంకొక ఉపాయం ఉంది. నీళ్ళు నిండుకోవచ్చిన రోజున రెండు లారీల్లో కొత్తవాళ్ళను తెచ్చి దించాడు. నిజామాబాద్ వైపు మనుషులు. రెండు రోజుల కిందటే విమానం దిగారు. కొందరి సంచులకు విమానం చీటీలు ఇంకా వేలాడుతున్నాయి. గేటు తెరిపించి, పొలంలోకి పోండి, వాళ్ళ చేతుల్లోంచి పారలు తీసుకోండి, ఇక నుంచి ఈ మజ్రా మీదేనని చెప్పాడు. మనవాళ్ళూ మనవాళ్ళూ కొట్టుకుంటే షుర్తాను పిలవొచ్చు. షుర్తా అంటే పోలీసులు. ఆయన కోరుకున్నది అదే.

వాళ్ళు గుంపుగా మట్టిగదుల దాకా వచ్చి ఆగారు. మేము పొలంలో నిలబడ్డాం. మధ్యలో పెరికేసిన మడులున్నాయి. ఆంజి చేతిలో పార బిగుసుకుంది. అతని భుజం మీద ఓబులయ్య చెయ్యి వేశాడు. వాళ్ళ యాస నాది గనక నేనే ముందుకు వెళ్ళాను.

వాళ్ళలో ముందున్న మనిషి పేరు గిరి. బాల్కొండ అతనిది. అప్పు చేసి వచ్చామని, పని చేయకపోతే తమను తిరిగి పంపుతారని, తమ మీద కోపం పెట్టుకోవద్దని అన్నాడు. న్యాయంగానే మాట్లాడాడు. నేను ఏ నీతీ చెప్పలేదు. రా, చూపిస్తానని తీసుకుపోయాను. రాతిగోడ చూపించాను, ఆ రాళ్ళన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాను. గదులు చూపించాను. మూర్తి మడి చూపించాను. అతని వెంట ఒక్కొక్కరే మిగతావాళ్ళు వచ్చారు. మాకిచ్చిన మాటేమిటో, దాన్ని ఎట్లా తప్పారో చెప్పాను. మీకేమని చెప్పారని అడిగాను.

"ఖాళీ నేల అన్నరు," అన్నాడు గిరి. "మనుషులు ఉన్నరని చెప్పలే. పచ్చగ చేస్తే ఉన్నన్ని రోజులు ఉండొచ్చన్నరు."

ఆ చివరి మాట విని ఓబులయ్య నవ్వాడు. కోపంతో నవ్విన నవ్వు కాదు. మూడేళ్ళ కిందటి తన ముఖాన్ని ఎదురుగా చూసినట్టు నవ్వాడు. గిరి ఆ నవ్వు చూశాడు. అతనికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. తన వాళ్ళ దగ్గరికి వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. వాళ్ళలో వాళ్ళు గట్టిగానే వాదించుకున్నారు. ఇద్దరు ఏడ్చారు కూడా. గంగులమ్మ వెళ్ళి వాళ్ళకు మంచినీళ్ళు పోసింది. మాకే చాలని నీళ్ళు.

కాసేపటికి రావు గేటు దగ్గర నుంచి, యల్లా, పారలు తీసుకోండని కేకేశాడు. గిరి అక్కడే నేల మీద కూర్చున్నాడు. అతని వెనక ఒకడు కూర్చున్నాడు. తర్వాత ఇద్దరు. అట్లా అందరూ కూర్చున్నారు.

"ఇంకొకని చేతుల పార మేం గుంజుకోం సార్," అన్నాడు గిరి. "అందరికీ సరిపోయేంత పని ఉంటే అందరం చేస్తం. వాళ్ళను ఎల్లగొట్టి చేసేడిది ఉంటే మమ్మల్ని మల్ల విమానం ఎక్కియ్యండి."

నేను జీవితంలో చాలా సభలు చూశాను, ఆ తర్వాత. ఎర్రజెండాల కింద, మైకుల ముందు, వేలమంది మధ్య. కానీ ఆ పూట ఇసుకలో కూర్చున్న ఆ మనుషుల కన్నా పెద్ద సభను నేను చూడలేదు. భాష తెలియని బెంగాలీలు వచ్చి కొత్తవాళ్ళ పక్కన కూర్చున్నారు. వాళ్ళకేమర్థమైందో నాకు తెలియదు. కూర్చోవడం అర్థమైంది, అది చాలు.

షుర్తా ఆ సాయంత్రమే వచ్చింది. మూడు జీపులు. యువకుడైన ఆఫీసరు దిగి చుట్టూ చూశాడు. నాకు అరబ్బీ కొంత వచ్చు. వీళ్ళు ఎవరినైనా కొట్టారా అని రావును అడిగాడు. లేదన్నాడు రావు. ఏమైనా పగలగొట్టారా? లేదు. పని మానేశారా? రావు నసిగాడు. మానలేదు. మానమంటే మానడం లేదు అన్నాడు. ఆఫీసరు కళ్ళ ముందే ఓబులయ్య కాలువ గట్టు సర్దుతున్నాడు. ఆఫీసరుకు అనుమానం వచ్చి ఉండొచ్చు, జాలి కూడా కలిగి ఉండొచ్చు. అవేవీ అర్బాబు ఫోను ముందు నిలబడవు. వైర్‌లెస్‌లో ఏదో విని, నలుగురి పేర్లు పిలిచాడు. ఓబులయ్య, ఆంజి, గంగులమ్మ, నేను.

పేర్లు పిలవగానే అందరూ లేచారు. కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ జీపుల చుట్టూ చేరారు. పఠాన్ మేస్త్రి, అయితే నన్నూ తీసుకుపో అని ముందుకొచ్చాడు. ఆయన వెనక ఇంకో పది మంది. పోలీసులు లాఠీలు తీశారు. అప్పుడు ఓబులయ్య అందరినీ ఆగమన్నాడు.

"మీరు వస్తే ఈడ ఎవురుంటారు? వాళ్ళకు కావాల్సింది అదే కదప్పా. మేం నలుగురం పోతాం. మీరు మాత్రం కదలొద్దండి. రేపు పొద్దున కాలవలో నీళ్ళు పారాల."

ఆంజి చేతులకు సంకెళ్ళు వేశారు. అంతకు ముందు ఓబులయ్యతో పోట్లాడినవాడే, జీపు ఎక్కేటప్పుడు ఆయనకు చెయ్యి అందించబోయి, సంకెళ్ళు గుర్తొచ్చి, భుజం అందించాడు. గంగులమ్మ తానే ఎక్కి, కొంగు సర్దుకుని కూర్చుంది. జీపు కదిలాక నేను వెనక్కి చూశాను. గిరి కిందకు వంగి ఓబులయ్య వదిలిన పార తీసుకున్నాడు. లాక్కున్నది కాదు, అప్పగించినది. పాత పనివాడొకడు అతనికి నీళ్ళు ఏ మడికి మళ్ళించాలో చేత్తో చూపిస్తున్నాడు.

దోహాలో మమ్మల్ని వేరు చేశారు. గంగులమ్మను ఆడవాళ్ళ వైపు పంపారు. వెళుతూ ఆమె మా వైపు తిరిగి, నాకోసం దిగులు పడొద్దు, లోపల గూడా మనుషులే ఉంటారని చెప్పింది. మా ముగ్గురినీ, దేశం నుంచి పంపించేయవలసిన వాళ్ళను ఉంచే హాల్లో వేశారు. సిమెంటు నేల, ఇనుప తలుపు, కిక్కిరిసిన జనం. ఎవరి నేరం వాళ్ళది. ఒకడు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి నుంచి పారిపోయాడు. ఒకడు వీసా తీరినా ఉండిపోయాడు. మా నేరం అడిగిన ప్రతివాడికీ ఆంజి మొదటి నుంచీ చెప్పేవాడు. వినేవాళ్ళు రోజురోజుకూ పెరిగారు. పంపు ఆపుదామన్న తన మాట ఎందుకు తప్పో కూడా అతనే చెప్పేవాడు.

మజ్రా కబురు వంటవాళ్ళ ద్వారా, డ్రైవర్ల ద్వారా వస్తూనే ఉంది. మిగిలినవాళ్ళెవరూ కదల్లేదు. పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ఒకే గదుల్లో సర్దుకున్నారు. పెళ్ళి గుడారాలు వేరే చోట వేశారు. దక్షిణాన ఉన్న రాళ్ళ నేల మీద ఆ ఏడాది ఒక్క పారా పడలేదు, పోయేవాళ్ళు దొరకలేదు. మజ్రాకు ఇంకొక ట్యాంకరు డ్రైవరును పెట్టారు. గేటు దగ్గర ఆపమంటే అతనూ ఆపలేదట.

మమ్మల్ని విమానం ఎక్కించడానికి ముందు రోజు మధ్యాహ్నం ఇనుప తలుపు తెరుచుకుంది. ఎనిమిదో తొమ్మిదో మంది లోపలికొచ్చారు. చేతులకూ బట్టలకూ ఎర్రమట్టి అంటి ఉంది. మాకు ముఖపరిచయం లేదు. మా మజ్రా వాళ్ళు కాదు. వాళ్ళలో కొందరు కేరళవాళ్ళు, కొందరు పాకిస్తానీలు, ఒక ముసలాయన మాత్రం శ్రీకాకుళం వైపు మనిషి. ఏ ఊరు, ఏ కంపెనీ అని ఆంజి అడిగాడు. ఉత్తరం రోడ్డు మీద ఇంకో మజ్రా పేరు చెప్పాడాయన. మరి ఏం చేశారు, ఎందుకు తెచ్చారని అడిగాం.

"లారీ ఎక్కనేదు బాబూ," అన్నాడు ముసలాయన. "అక్కడెవులో పార కింద పెట్టకుండా కూకున్నారని ఇన్నాం. మేమూ కూకున్నాం."

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ ఎవరో మేమేనని ఓబులయ్య చెప్పలేదు, మమ్మల్నీ చెప్పనివ్వలేదు. తన దుప్పటి దులిపి సిమెంటు నేల మీద పరిచాడు. అందరినీ రమ్మని, మొదటి నుంచీ చెప్పమన్నాడు.

ముసలాయన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. మేం దగ్గరికి జరిగాం.